అలమేలుమంగ – నామార్థ విచారము

తెలుగునాట వైష్ణవ గృహములలో అలమేలు, అలివేలు, మంగ, మంగతాయారు అను పేర్లు గల స్త్రీలు ఒక్కరైనను లేని వంశము అరుదు. అయినను ఆ పేరునకు అర్థమేమని అడిగినచో ‘అమ్మవారి పేరు’ అను సమాధానము తప్ప వేరొకటి సాధారణముగా రాదు. ఆ సమాధానము తప్పు కాదు. కాని పద్మావతి యన్నను అమ్మవారి పేరే, లక్ష్మి యన్నను అమ్మవారి పేరే. అలమేలు అనునది ఏ భాషలోని మాట? దానిని మొదట ఎవరు ఏ సందర్భమున పలికిరి? ఇది తెలియకపోవుటచేతనే కొందరు తల్లిదండ్రులు దీనిని పాతకాలపు మోటుపేరుగా ఎంచి, ఇంట నాయనమ్మ పేరుగా పెట్టుకొన్న దానిని బడిలో చేర్చునాటికి వేరొక పేరుగా మార్చుచున్నారు. విడిచిపెట్టుచున్నది ఏమో తెలిసిన తరువాత విడిచినచో అది వారి యిష్టము. తెలియక విడుచుట మాత్రము విచారింపదగిన విషయము.

ఈ నామము ద్రావిడమున ‘అలర్‌మేల్‌మంగై’ అని మూడు పదముల కూడిక. అలర్ అనగా వికసించిన పువ్వు. మేల్ అనగా పైన. మంగై అనగా యువతి. పువ్వుపైనున్న యువతి యని మొత్తము మీది అర్థము. శ్రీదేవి విషయమున పువ్వు అన్నప్పుడు పద్మమే గ్రాహ్యము. శ్రీసూక్తము ఆమెను పద్మమునందున్న దానిగానే కీర్తించినది. అమరసింహుడు లక్ష్మీ పర్యాయములలో పద్మాలయ, పద్మ, కమల అను పేర్లను చేర్చినాడు. కావున అలర్‌మేల్‌మంగై అను ద్రావిడ నామము వేదప్రసిద్ధమైన అర్థమునకే తమిళమున కుదిరిన రూపము.

ఇది పరభాషా పదము గదా, తెలుగువారికి దీనితో చుట్టరికమేమని కొందరు అనుకొనవచ్చును. చుట్టరికము కలదు, అదియు దగ్గరి చుట్టరికమే. తెలుగున ‘అలరు’ అను పదము పువ్వునకు పేరు. మన్మథుని అలరువిల్తుడు అని, సుకుమారియగు స్త్రీని అలరుబోడి యని ప్రాచీన కవులు వాడిరి. అలరుట యనగా వికసించుట. వికాసము నుండి సంతోషము అను అర్థము పుట్టినది. నేడు సభలలో గాయకులు శ్రోతలను ‘అలరించిరి’ అని చెప్పుకొనునప్పుడు మనము పలుకుచున్నది ఆ అలరే. ఇక మేల్ అను పదమునకు తోబుట్టువు మన మేలుకట్టు, మేలుముసుగు మొదలగు పదములలో ఇప్పటికిని ‘పై’ అను అర్థముతో నిలిచియున్నది. అయితే విడిగా ‘మేలు’ అన్నప్పుడు తెలుగువానికి శుభమే స్ఫురించును గాని పైభాగము స్ఫురింపదు. అందుచేత అలమేలు అని విన్న తెలుగు చెవికి ఏదో మేలు చేయు తల్లి యన్న భావము కలుగుట సహజము. వ్యుత్పత్తి దృష్ట్యా అది సరికాదు. కాని ఆ భావమువలన నష్టమును లేదు. ‘అల’ యనగా కెరటము గనుక పాలకడలి అలలపై పుట్టినది అని చమత్కరించుటయు సాధ్యమే. చమత్కారమును చమత్కారముగా గ్రహించి, అర్థమును అర్థముగా గ్రహించుట మంచిది.

అలర్‌మేల్ అను దానియందలి రేఫము తెలుగు నోట జారిపోయి, కడపట ఉకారము చేరి అలమేలు అయినది. అలమేలు అలివేలుగా మారుట మరియొక మెట్టు. మామిడిని మావిడి యని పలుకు నాలుకకు అలమేలును అలవేలనుట కష్టము కాదు. దానికి తోడు అలివేణి, అనగా తుమ్మెదలవంటి జడ గలది, అను కావ్యపదము చెవికి పరిచితమై యుండుటచేత నడిమి అకారము ఇకారమైనదని ఊహింపవచ్చును. అలివేలు తప్పు రూపమని దానిని దూషించుట తగదు. నోళ్ళలో నలిగి నునుపెక్కిన పేరు అది.

ఇక్కడ ఒక వింత గమనింపదగినది. అలమేలు అని మాత్రము పిలిచినచో ‘పువ్వుమీద’ అని మాత్రమే అర్థము వచ్చును. పువ్వుమీద ఎవరు? ఆ ‘ఎవరు’ అను దానికి సమాధానము మంగ అను పదములో నున్నది. దానిని మనము విడిచిపెట్టితిమి. విడిచియు పేరుగా వాడుచున్నాము. ఇది వ్యాకరణ విరుద్ధమా యన్నచో కాదు. సమాసముగా నున్న సంజ్ఞలలో ఒక పదము లోపించినను మిగిలిన పదమే పూర్తి సంజ్ఞ యొక్క అర్థమును మోయునని వైయాకరణులు అంగీకరించిరి. దేవదత్తుడు దత్తుడగుట, సత్యభామ భామ యగుట అందుకు శాస్త్రప్రసిద్ధములైన ఉదాహరణములు. అట్లే ఒక యింట పెద్దకూతురు అలమేలు, చిన్నకూతురు మంగ అయినచో, ఒకే నామమును అక్కచెల్లెండ్రు పంచుకొన్నట్లు.

మంగ అను పదమును మంగళ శబ్దభవముగా పలువురు తలతురు. అది కాదు. తమిళ లాక్షణికులు స్త్రీల వయస్సును ఏడు దశలుగా విభజించి పేదై, పెదుంబై, మంగై, మడందై, అరివై, తెరివై, పేరిళంపెణ్ అని పేర్లిడిరి. వీనిలో మూడవది మంగై. 12, 13 ఏండ్ల ప్రాయము దానికి చెప్పబడినది. కావ్యములలో సామాన్యముగా యువతి యను అర్థమునను వాడుదురు. జగన్మాతకు, అందరికన్న పెద్దయైన ఆమెకు, ఇంత లేతప్రాయపు పేరేల యన్న శంకకు సమాధానము సుకరము. ఆమె నిత్యయౌవన. ప్రసంగవశమున మరియొక మాట: తిరుమంగై ఆళ్వారు పేరులోని మంగై ఈ మంగై కాదు. అది ఆయన ఏలిన సీమ పేరు.

ఈ నామము భక్తలోకమున స్థిరపడుటకు మూలమైన చోటు నమ్మాళ్వారుల తిరువాయ్‌మొழి. అందు ఆరవ శతకమున పదవ దశకము తిరువేంకటముడైయానిపై వెలసినది. ఆ దశకములో పదవ పాశురము శ్రీవైష్ణవ సంప్రదాయమున శరణాగతికి ఆయువుపట్టుగా భావింపబడుచున్నది. ఆళ్వారు అచట స్వామి పాదములను ఆశ్రయించునపుడు తిన్నగా పాదములను పేర్కొనలేదు. మొదట స్వామి వక్షఃస్థలమును, అందు నివసించు అలర్‌మేల్‌మంగను పేర్కొనిరి. క్షణకాలమైనను విడిచియుండజాలనని ఆ తల్లి స్వామి వక్షమున వసించుచున్నదట. ఆమెను ముందుంచుకొని, తరువాత స్వామి గుణములను చెప్పి, వేరు గతి లేని తాను ఆ పాదముల క్రింద చేరితినని ముగించిరి.

ఈ క్రమము యాదృచ్ఛికము కాదు. తప్పు చేసిన బిడ్డ తండ్రి యెదుటికి పోవునపుడు తల్లి కొంగు పట్టుకొని పోవును. తల్లి ఏమియు మాట్లాడనక్కరలేదు. ఆమె అక్కడ నున్నచో చాలును. దీనిని సంప్రదాయమున పురుషకారము అందురు. ద్వయమంత్రమునందు శ్రీశబ్దము నారాయణ శబ్దమునకు ముందు నిలుచుట ఇందులకే. శ్రీవేంకటేశ సుప్రభాతముతో పాటు ప్రతిదినము పఠింపబడు ప్రపత్తియందును ప్రతివాదిభయంకరం అణ్ణన్ తొలి శ్లోకమును స్వామికి గాక అమ్మవారికే సమర్పించిరి. ఆ శ్లోకమున ఆమె పద్మాసనమున నున్నది, స్వామి వక్షమున నిత్యవాసమును కోరునది, స్వామి యందలి ఓర్పును పెంపొందించునది. అలర్‌మేల్‌మంగై అను నామమునకు అది సంస్కృత వ్యాఖ్యయే అనవచ్చును. ఓర్పును పెంపొందించునది యన్న విశేషణము ముఖ్యము. ఓర్పు స్వామికి లేక కాదు. అది మన తప్పులకంటె పెద్దదిగా పెరుగవలెను గదా!

తిరువాయ్‌మొழి వ్యాఖ్యాతలు ఈ నామమును మిక్కిలి ఆదరముతో వివరించిరి. పువ్వులోని పరిమళమే స్త్రీరూపమును దాల్చినట్లున్న సుకుమారి యని వారి భావము. అట్టి పరిమళమునకు పుట్టిల్లయిన తామరపువ్వుకూడ, స్వామి వక్షమును చేరిన పిదప, నిలువదగిన చోటుగా తోచలేదు. మిథిలను విడిచివచ్చిన సీత మరల మిథిలను తలపనట్లు ఈమెయు పువ్వును తలపలేదు. అయినను లోకము ఆమెను పుట్టింటి పేరుతోనే పిలుచుచున్నది. సీతకును అంతే గదా! వైదేహి, మైథిలి, జానకి – అన్నియు పుట్టింటి పేర్లే. ఆడపిల్ల అత్తవారింటికి వెళ్ళి, ఆ యింటిపేరును స్వీకరించి, అక్కడనే జీవితమెల్ల గడపినను, తల్లిదండ్రులు పెట్టిన పేరొక్కటి పుట్టింటినుండి ఆమె వెంట వచ్చును. ఆ పేరు అలమేలు అయినచో అందు పుట్టిల్లను విషయము అర్థముగా కూడ ఉన్నది. ఈ పేరు ఆడపిల్లకు ఇంతగా నప్పుటకు ఇదియు ఒక కారణము.

తిరుమలపై అమ్మవారికి ప్రత్యేకాలయము లేదు. స్వామి వక్షఃస్థలముననే ఆమె వ్యూహలక్ష్మిగా వెలసియున్నది. శుక్రవారాభిషేక సమయమున ఆమెకును అభిషేకము జరుగును. ఆళ్వారు పేర్కొన్నది ఆ వక్షఃస్థల వాసినినే. కొండ క్రింద తిరుచానూరున స్వతంత్ర వీరలక్ష్మిగా కొలువైన అమ్మవారికి ఈ నామము అన్వయించి, కాలక్రమమున ఊరికే అలమేలుమంగాపురము, మంగాపురము అను వ్యవహారము వచ్చినది. ప్రాచీన శాసనములలో ఆ ఊరు తిరుచ్చుకనూరు. శుకమహర్షి సంబంధముచే ఆ పేరు వచ్చినదని స్థలజ్ఞులు చెప్పుదురు. ఈనాడు తిరుపతి నుండి ఆటోలో, బస్సులో అమ్మవారి దర్శనమునకు పోవు యాత్రికుడు ‘అలివేలు మంగాపురము’ అని అడిగినను, తిరుచానూరు అని అడిగినను దిగునది ఒకే చోట.

అమ్మవారి మరియొక ప్రసిద్ధ నామము పద్మావతి. అలమేలుమంగ పద్మావతికి తమిళానువాదమని వ్రాయుట తరచుగా కానవచ్చుచున్నది. ఇది సరిచూడదగిన మాట. పద్మావతి యనగా పద్మము గలది. అలర్‌మేల్‌మంగై యనగా పద్మముపై నున్నది. పద్మాలయ, పద్మాసన అను పేర్లు దీనికి సన్నిహితములు గాని పద్మావతి కాదు. పద్మశబ్దముపై మతుప్ ప్రత్యయము చేరగా ‘పద్మవతి’ యని హ్రస్వముతో ఏర్పడును. తామరలున్న ఏ కొలనినైనను అట్లు విశేషింపవచ్చును. పేరుగా మారినప్పుడు నడిమి అచ్చు దీర్ఘమగును. అమరావతి యందును ఇట్లే. కాబట్టి ఆ ఒక్క దీర్ఘమే ఇది విశేషణము కాదు, ఒక వ్యక్తి పేరు అని తెలుపుచున్నది. శుభలేఖలలో, బడి పత్రములలో ‘పద్మవతి’ యని అచ్చగుట చూచినప్పుడు ఆ దీర్ఘము పోయినదే యన్న బాధ కలుగును.

పద్మావతి యను పేరు లోకమున బహుళము. భాసుని స్వప్నవాసవదత్తమున మగధరాజు దర్శకుని చెల్లెలు పద్మావతి. జయదేవకవి యిల్లాలు పద్మావతి యని ప్రసిద్ధి. జైనులకు పార్శ్వనాథుని శాసనదేవత పద్మావతి. అలమేలుమంగ యను పేరు మాత్రము ఇట్లు చెల్లాచెదరు కాలేదు. ఎక్కడ విన్నను అది వేంకటాచలమునే చూపును.

తిరుచానూరు పద్మావతి కథలు రెండు తెరగులు. భవిష్యోత్తర పురాణాంతర్గతమని ప్రసిద్ధమైన వేంకటాచల మాహాత్మ్యమున నారాయణవనము నేలిన ఆకాశరాజు భూమిని దున్నించునపుడు సహస్రదళ పద్మమున శిశువు లభించుటయు, ఆమెకు పద్మావతి యని పేరిడుటయు, శ్రీనివాసునితో కల్యాణమును ఉన్నవి. రెండవ కథలో స్వామి తామరలు నాటి తపస్సు చేయగా, పద్మసరోవరమున బంగారు తామరయందు శ్రీమహాలక్ష్మియే ఆవిర్భవించినది. ఆ దినము కార్తిక శుద్ధ పంచమి, ఉత్తరాషాఢా నక్షత్రము. తిరుచానూరున కార్తిక బ్రహ్మోత్సవముల కడపటి దినమున జరుగు పంచమీతీర్థము దీని స్మృతియే. ఆనాడు కొండపైనుండి పసుపు, కుంకుమ, చీర మొదలగు సారె ఊరేగింపుగా అమ్మవారికి వచ్చును. రెండు కథలలో ఏది నిజమని పంతగించుటకంటె, రెండింట పిల్ల పుట్టినది పువ్వులోనే యన్నది గమనించుట మేలు. పద్మావతియన్న సంస్కృత నామమును, అలమేలుమంగ యన్న ద్రావిడ నామమును ఒకే తల్లియందు కలిపినది ఆ పువ్వే.

తమిళ పాశురమున పుట్టిన ఈ నామమును తెలుగువారి యింటి పేరుగా చేసినవాడు నిస్సందేహముగా తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408–1503). రాజంపేట సమీపమున నున్న తాళ్ళపాకనుండి బాలుడుగా బయలుదేరి కొండ యెక్కుచు, చెప్పులతో నడచి అలసి వెదురుపొద నీడను నిద్రించెనని, అలమేలుమంగ పెద్దముత్తైదువవలె దర్శనమిచ్చి ప్రసాదము పెట్టి చెప్పులు విడిచి యెక్కుమని బోధించెనని, ఆ ఆనందమున అతడు శతకమును చెప్పెనని మనుమడగు చిన్నన్న రచించిన అన్నమాచార్య చరిత్రము తెలుపుచున్నది. ఆ శతకము పేరు వేంకటేశ్వర శతకము. కాని అందలి కీర్తన యెల్ల అమ్మవారిదే. అనంతరము రాగిరేకులపై చెక్కబడిన సంకీర్తనలలో నేటికి లభించినవి 12,000కు పైగా నున్నవి. వానిలో అలమేలుమంగ ఎన్ని విధముల కనబడును! పెండ్లికూతురుగా, అలిగిన నాయికగా, స్వామికి మందలింపు చెప్పు ఇల్లాలిగా, బిడ్డల మొర విను తల్లిగా. ‘మంగై’ యను పొడి నిఘంటు పదమునకు రక్తమాంసములు వచ్చినది ఇక్కడనే. పాడుటకు వీలుగా అతడు అలమేలుమంగ, అలమేల్మంగ అని రెండు తెరగుల వాడినాడు.

ఆలయముల ద్వారా ద్రావిడ నామములు తెలుగు గృహములకు చేరుట ఇదొక్కటే కాదు. నాచ్చియార్ నాంచారు, నాంచారమ్మ అయినది. తాయార్ తాయారు, తాయారమ్మ అయినది. కంచి వరదరాజస్వామి దేవేరి పెరుందేవి తెలుగున పేరిందేవి అయినది. ఆండాళ్ ఆండాళ్ళు, ఆండాళ్ళమ్మ అయినది. వీనిని పెట్టుకొన్న గృహిణులలో తమిళము తెలిసినవారు బహు కొద్దిమంది. వారు భాషను చూచి పేరు పెట్టుకొనలేదు, సన్నిధిని చూచి పెట్టుకొనిరి. కన్నడదేశమునకును అలమేలు పేరు వ్యాపించినది. శ్రీరంగపట్టణమున విజయనగర ప్రతినిధి దేవేరి పేరు అలమేలమ్మ. 1610లో ఆ పట్టణము మైసూరు రాజ ఒడెయరు వశమైన పిదప, రంగనాయకీ అమ్మవారికి అలంకరింపబడు తన నగలకై రాజభటులు వెంటాడగా ఆమె శపించి కావేరిలో దూకెనని కథ. మైసూరు రాజగృహమున ఆమె ప్రతిమకు పూజ జరుగుట ప్రసిద్ధము.

నామకరణ శాస్త్రమును బట్టి ఈ పేరు ఎట్టిది? మనువు ద్వితీయాధ్యాయమున స్త్రీనామము సుఖముగా పలుకదగినదిగా, క్రూరార్థము లేనిదిగా, స్పష్టార్థముగా, మనోహరముగా, మంగళకరముగా, దీర్ఘాంతముగా ఉండవలెనని విధించెను. దీర్ఘాంతము తప్ప తక్కినవన్నియు అలమేలునకు సరిపోవును; తెలుగున పదాంత దీర్ఘములు నిలువవు గనుక అది ఏ తెలుగు పేరునకైనను తప్పని లోపము. తెలుగుదేశమున అధికసంఖ్యాకులు అనుసరించు ఆపస్తంబ గృహ్యసూత్రము ఆడపిల్ల పేరు బేసి సంఖ్యగల అక్షరములతో ఉండవలెనని చెప్పును. లెక్కించి చూడుడు. అలమేలు నాలుగక్షరములు, సరి. అలమేలుమంగ ఆరు, సరియే. కాని మూలరూపమగు అలర్‌మేల్‌మంగై అయిదు, బేసి. అన్నమయ్య వాడిన అలమేల్మంగయు అయిదే. అంతకంటె ముచ్చటైనది అలివేలమ్మ, అదియు అయిదు. సూత్రము చదువని ముత్తవ్వలు ‘అమ్మ’ను చేర్చి సూత్రమును నిలిపినారు.

బిడ్డలకు భగవంతుని పేరే పెట్టవలెనని పెరియాళ్వారులు ఒక దశకమంతయు ఉపదేశించిరి. ధనమునకో వస్త్రమునకో ఆశపడి ఎవరి పేర్లో పెట్టవలదనియు, నారాయణుని పేరుగల బిడ్డ తల్లి నరకమునకు పోదనియు అందలి తాత్పర్యము. అజామిళోపాఖ్యానము దీనికి భాగవత ప్రమాణము. కొడుకును పిలిచినను నామము నామమే. కూతురును పిలిచినపుడు అంతకంటె ఒక విశేషమున్నది. ఇంట రోజునకు ఎన్నిమార్లు ‘అలివేలూ!’ అని పిలుతుమో అన్నిమార్లు పురుషకారమగు తల్లిని ముందుంచుకొన్నట్లగును. స్వామి పేరు తరువాత రావచ్చును, రాకపోవచ్చును; ఆమె యున్నచోట ఆయన లేకుండుట లేదు.

నేటి తల్లిదండ్రులకు పొడవు పేరు కష్టమని తోచినచో మార్గములు లేకపోలేదు. నామకరణ సమయమున బియ్యముపై అలమేల్మంగ యని పూర్తిగా వ్రాయించి, వ్యవహారమునకు మంగ, పద్మ, అలమేలు అను వానిలో ఏదైనను ఎంచుకొనవచ్చును. బడి పత్రములలో వేరు పేరు చేర్చినను, సంకల్పమునందును, ఆలయమున అర్చనకు గోత్రనామములు చెప్పునపుడును పెట్టిన పేరునే చెప్పుట ఆచారము. తిరుచానూరు అర్చకస్వామి పళ్ళెరమును చేతబట్టి పేరడిగినపుడు చాలమంది అలివేలమ్మలు తడబడి బడిపేరు చెప్పుదురు. అచ్చట మాత్రము అసలు పేరు చెప్పుటకు సంకోచింపనక్కరలేదు; ఆ సన్నిధిలో ఆ పేరు మరియొకరిది గూడ.